మూడో తరగతి ఇంగ్లీష్: ఊహించి చదవమనాలా, ముందు శబ్దాలు నేర్పాలా?

పల్లెబడి టీచరు
ట్రైనింగ్‌లో ఒకటే మాట: పాఠం ముందు బొమ్మ చూపించి కథ ఊహించమనండి, తెలియని పదం దగ్గర ఆగకుండా సందర్భాన్ని బట్టి అర్థం పట్టుకోమనండి. నా క్లాసులో జరుగుతున్నది వేరు. కింద 'షిప్' అని ఉన్నా, బొమ్మ చూసి 'బోట్' అని చదివేస్తున్నారు. అక్షరాల మీద కళ్లే నిలవవు. ఐదో తరగతి దాకా ఈ ఊహలు పక్కన పెట్టి శబ్దాలే గట్టిగా నేర్పాలంటాను.

రిటైర్డ్ హెచ్ఎం
ఒప్పుకోను మేడమ్. గుణింతాలు, ఒత్తులు వస్తే మన పిల్లాడు తెలుగులో ఏదైనా చదివేస్తాడు. ఇంగ్లీష్ అలా కాదు కదా! బియూటీ బట్, పియూటీ పుట్. టఫ్, దో, త్రూ మూడింటికీ చివర ఉన్నవి అవే నాలుగు అక్షరాలు, ఓయూజీహెచ్. శబ్దాలొచ్చి పేజీ మొత్తం గడగడా చదివిన పిల్లని 'కథలో ఎవరికి కోపం వచ్చింది?' అంటే నోరు మెదపదు. దాన్ని చదువు అందామా?

భాషల విద్యార్థి
చదవడమంటే ఊహల ఆట అని అమెరికా విద్యా పరిశోధకుడు కెన్నెత్ గుడ్‌మన్ 1967లో అన్నాడు. ఆయన చూసింది ఇంగ్లీష్ మాట్లాడే పిల్లల్ని. అటు ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో ఏడాది పిల్లలకి ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలు కలిపి పదం చదవడం) పరీక్ష పెడుతున్నారు, అర్థంలేని పదాలు కూడా ఇచ్చి చదివిస్తారు. వాళ్లదీ అదే సౌకర్యం: బడికొచ్చే నాటికే ఇంట్లో వేల మాటలు విని ఉంటారు.

గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన లెక్క నాకు నచ్చుతుంది: అక్షరాలు పలకగలగడాన్ని, వింటే అర్థం కావడాన్ని గుణిస్తే చదవడం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. మేడమ్ పిల్లలకి మొదటిది లేదు, సార్ చెప్పిన పిల్లకి రెండోది లేదు. వాక్యంలో ఆరు పదాలుంటే నాలుగు తెలియని పిల్లాడు సందర్భాన్ని బట్టి ఏం ఊహిస్తాడు? అందుకే ఊహించడం, ప్రశ్నలు వేసుకోవడం తెలుగు కథలతో తెలుగులోనే అలవాటు చేయాలి. ఇంగ్లీష్ పీరియడ్‌లో శబ్దాలు, దానికి రెట్టింపు మాట్లాడించడం. ఆ మాట్లాడించడమే ఎక్కడా జరగట్లేదు.

కర్నూలు నాన్న
మా బాబు ఏపీ ప్రభుత్వ బడి. లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురుగా తెలుగు. ముందు తెలుగు చదివి ఇటొస్తే సంగతి తెలిసే ఉంటుంది, ఇంగ్లీష్ మాటలు అందుతాయి. ఇదీ ఒక కిటుకే కదా?

పల్లెబడి టీచరు
అటు వెళ్లినవాళ్లు ఇటు రావాలి కదండీ! మీరు పక్కన కూర్చుంటారు కాబట్టి వస్తున్నాడు. నా దగ్గర ఒకే గదిలో మూడు తరగతులు.

విద్యార్థి గారూ, తెలుగులో కథ ఊహించడం సరే, పది నిమిషాలు ఇస్తాను. మాట్లాడించడం కూడా సరే. ఇంగ్లీష్ పేజీ మీద బొమ్మ మాత్రం చదవడం అయ్యేదాకా కాగితంతో మూసే ఉంచుతా.

రిటైర్డ్ హెచ్ఎం
మూయండి మేడమ్, కానీ వెనక బెంచీవాళ్లు పుస్తకమే మూసేస్తారు. చదివిన ప్రతి వాక్యానికీ వెంటనే బొమ్మ తెరిచి 'నువ్వు చదివింది ఇందులో ఎక్కడుంది?' అని వేలు పెట్టించండి. అప్పుడు నాకూ అభ్యంతరం లేదు.