ఎలుకకి ‘కిడ్నీ యాంగ్ లోపం’ ఉందని ఎలా తేలుస్తారు?

ల్యాబ్‌పిల్లి:
చైనా సంప్రదాయ వైద్యం పేపర్లు చదువుతున్నా, ఒక్కటి మింగుడు పడట్లేదు. వాళ్ళకి జబ్బు పేరు కన్నా ‘ఝెంగ్’ ముఖ్యం, అంటే నాలుక, నాడి, చలేస్తోందా ఒళ్ళు మండుతోందా ఇవన్నీ కలిపి చూసి పట్టుకునే లక్షణాల గుంపు. దాన్ని ఎలుకల్లో తెప్పించామంటారు, అలా తయారుచేసిన ఎలుకే వాళ్ళ ‘మోడల్’. హైడ్రోకార్టిసోన్ (స్టిరాయిడ్ హార్మోన్) పొడిచి, బరువు తగ్గి ముడుచుకు పడుకుంటే కిడ్నీ యాంగ్ (ఒంట్లో వేడినిచ్చే శక్తి) లోపం అంట, రేవల్చిని తాగించి విరేచనాలు పెట్టిస్తే ప్లీహంలో చీ (ప్రాణశక్తి) లోపం, అడ్రినలిన్ ఇచ్చి ఐసు నీళ్ళలో ముంచితే రక్త స్తబ్ధత. నాకైతే స్టిరాయిడ్ సైడ్ ఎఫెక్టూ, మోషన్సూ, స్ట్రెస్సూ కనిపిస్తున్నాయి అంతే.

ఫార్మా_సుబ్బు:
అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఆ హార్మోన్ ఊరికే ఎంచుకోలేదు. 1950ల చివర్లో షాంఘైలో షెన్ జియిన్ అనే డాక్టరు వాళ్ళు కిడ్నీ యాంగ్ లోపం ఉన్న పేషెంట్ల మూత్రంలో 17-హైడ్రాక్సీ కార్టికోస్టిరాయిడ్లు (అడ్రినల్ గ్రంథి హార్మోన్ల ఆనవాళ్ళు) తక్కువున్నాయని చూశారు, బయటి నుంచి ఎక్కువ డోసిస్తే సొంత అడ్రినల్ పనిచెయ్యడం తగ్గిస్తుంది కదా, మోడల్ వెనక లాజిక్ అదే. కొలతలు కూడా ఉన్నాయి, రెక్టల్ టెంపరేచర్, పట్టు బలం, ఎంతసేపు ఈదింది, నాలుక ఫోటోలో రంగు.

ల్యాబ్‌పిల్లి:
మరి ‘చలేస్తోందా’ అని ఎలుకని అడుగుతారా 😀

ఫార్మా_సుబ్బు:
అడగక్కర్లేదు. ఒకపక్క వేడి ప్లేటు ఒకపక్క చల్ల ప్లేటు పెట్టి ఎటువైపు ఎక్కువసేపు ఉందో చూస్తారు.

గోదారోడు:
ప్లేటు ఐడియా బావుంది గానీ అసలు లొసుగు వేరే ఉంది సుబ్బు గారూ. చివర్లో చేసేదేంటి, చీ లోపానికి వాళ్ళిచ్చే సిజున్‌జి కషాయం పోసి ఎలుక కోలుకుంటే ‘చూశారా, ఇది చీ లోపమే’ అంటారు, తర్వాత పేపర్లో అదే మోడల్ మీద అదే కషాయం పనిచేస్తుందని నిరూపిస్తారు. దొంగే సాక్షి, దొంగే జడ్జి. పైగా రెసర్పిన్ (పాతకాలపు బీపీ మందు) ఇచ్చిన ఎలుక వీళ్ళ దగ్గర ప్లీహ లోపం, సైకియాట్రీ ల్యాబ్‌లో డిప్రెషన్, న్యూరాలజీ వాళ్ళకి పార్కిన్సన్స్. ఏ పేరు నిజం?

శ్రావణి_బయోటెక్:
చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారు 1971లో ఆర్టిమీసియా మొక్క సారాన్ని (మలేరియా మందు ఆర్టిమిసినిన్ దీన్నుంచే వచ్చింది) మలేరియా ఎక్కించిన ఎలుకల మీద చూశారు, ఝెంగ్ గొడవ లేదు, పరాన్నజీవి పోయిందా లేదా అంతే. 2015లో నోబెల్ కూడా వచ్చింది. మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా వాత పిత్త కఫ ప్రకృతుల జీనోమ్ స్టడీ మనుషుల మీదే చేసింది, పేపర్ కూడా 2015లోనే, ఎలుకకి పిత్తం ఉందా అని వెతకలేదు.

ఫార్మా_సుబ్బు:
అది మందు వేట అండీ, ఇక్కడ ప్రశ్న వేరు. ఒకే జబ్బులో ఇద్దరికి వేరే కషాయాలు ఎందుకిస్తారో చూడాలంటే ఝెంగ్ మోడల్ లేకుండా ఎలా?

గోదారోడు:
అయితే ఇలా చెయ్యమనండి. మూడు మోడళ్ళ ఎలుకల్నీ, ఏమీ చెయ్యని వాటినీ కలిపేసి నంబర్లేసి, దేనికేమిచ్చారో తెలియని వాళ్ళతో స్కోర్ వేయించాలి. జుట్టు మాసిందా, కళ్ళు సగం మూసిందా అనేవి చూసేవాడి మనసుని బట్టి మారతాయి. ఒక గ్రూపుకి కావాలనే తప్పు కషాయం పోయాలి. దాంతో కూడా కోలుకుంటే ఏమంటారు?

ఫార్మా_సుబ్బు:
వేరే కషాయంతో పోల్చిన పేపర్లు కొన్ని ఉన్నాయి. బ్లైండ్ స్కోరింగ్ మాత్రం అందరూ చెయ్యట్లేదు, అది ఒప్పుకుంటా. నాడి సంగతి ఎవరూ ఎత్తలేదేం?

ల్యాబ్‌పిల్లి:
తోకకి సెన్సర్ కట్టి చూస్తున్నారు సార్, దాని మీద వేరే థ్రెడ్ పెడతా.