బావ తెచ్చిన కెనడా విస్కీ: బ్లెండెడ్ అంటే తక్కువ రకమా? రుచి ఎట్లా చూడాలి?

దేవరకొండ రోడ్డు, నల్లగొండ:
అన్నలకు నమస్తే. మా బావ బ్రాంప్టన్ నుంచి వస్తూ క్రౌన్ రాయల్ నార్తర్న్ హార్వెస్ట్ రై అని ఒక ఫుల్ బాటిల్ తెచ్చాడు, మూత ఇంకా తియ్యలేదు. ఇన్నాళ్లూ మన వైన్స్‌లో దొరికే బ్రాండ్లు, ఎప్పుడన్నా పెళ్లిళ్లలో స్కాచ్, అంతే తాగాను. సీసా మీద బ్లెండెడ్ కెనడియన్ విస్కీ అని ఉండేసరికి మా దోస్తులు ఇది కలిపి చేసిన సరుకు, అసలు విస్కీ కాదు, థమ్సప్ పోసుకుని లేపేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. బ్లెండెడ్ అంటే నిజంగా తక్కువ రకమా? ఎట్లా మొదలుపెట్టాలి? ఆదివారం కూర్చుంటున్నాం.

వనపర్తి–విండ్సర్:
తమ్ముడూ, ముందు ఆ థమ్సప్ మాట ఆపించు. బ్లెండెడ్ అనగానే మనవాళ్లు చులకన చేయడానికి కారణం ఉంది. మన దగ్గర చవక విస్కీల్లో ఎక్కువ భాగం మొలాసిస్ నుంచో నూకల నుంచో తీసిన స్పిరిట్టే, దాన్ని పీపాలో నిలవ ఉంచే పని కూడా లేకుండా కొంచెం మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో చేసిన) స్పిరిట్, రంగు, ఫ్లేవర్ కలిపి సీసాల్లో నింపేస్తారు. కెనడాలో అట్లా కుదరదు. విస్కీ అని పేరు పెట్టాలంటే అక్కడే కాచి, 700 లీటర్లు మించని చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉంచాలి, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు.

అక్కడ బ్లెండింగే అసలు పనితనం. అమెరికాలో మొక్కజొన్న, రై (గోధుమ లాంటి గింజ), బార్లీ ముందే కలిపి ఒకటే గింజల గంజిలా ఉడికించి కాస్తారు. కెనడాలో చాలావరకు ఏ గింజకు ఆ గింజ విడిగా కాచి, విడిగా పీపాల్లో పెట్టి, ఏళ్ల తర్వాత ఒక్కోటీ ఎట్లా తయారైందో రుచి చూసి అప్పుడు కలుపుతారు. మొక్కజొన్నది బాగా ఎక్కువ స్ట్రెంగ్త్‌కు కాస్తారు కాబట్టి తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, రైది తక్కువలో ఆపేస్తారు కాబట్టి గింజ ఘాటు అందులోనే మిగులుతుంది. కెనడాలో నేనుండే విండ్సర్‌లో హైరం వాకర్ అనే అతను 1858లో డిస్టిలరీ పెట్టాడు, ఇప్పటికీ నది ఒడ్డున నడుస్తూనే ఉంది, ఇక్కడివాళ్లకు ఇది తరాల నుంచి వస్తున్న విద్య.

నీ సీసా అయితే కెనడాలోనే మానిటోబా రాష్ట్రంలో విన్నిపెగ్ సరస్సు ఒడ్డున ఉన్న గిమ్లీ ఊరి డిస్టిలరీది. అందులో 90 శాతం రై, స్ట్రెంగ్త్ 45 శాతం. విస్కీలు రుచి చూసి మార్కులేసే జిమ్ ముర్రే తన విస్కీ బైబిల్ 2016 పుస్తకంలో దీనికి 97.5 మార్కులు వేసి ప్రపంచంలోనే మేటి విస్కీ అన్నాడు. మార్కులు ఒక మనిషి ఇష్టం, అది వేరే సంగతి, కానీ తక్కువ రకానికి అవి రావు.

మిర్యాలగూడ మిల్లు:
రై గురించి ఒక మాట. మాది నూకల వ్యాపారం, డిస్టిలరీలకు లోడ్లు పోతుంటాయి కాబట్టి ఈ ఉడికించడం గోల కొంచెం తెలుసు. రై పిండి ఉడికితే బంక బంకగా సాగుతుంది, నురగ పొంగుతుంది, దానితో పని చేయడం కష్టం. అయినా వదలరంటే ఆ లవంగం, మిరియాల ఘాటు కోసమే.

కానీ వనపర్తి అన్న ఒక సంగతి వదిలేశాడు. అదే చట్టం కెనడా విస్కీలో వైన్ గానీ వేరే స్పిరిట్ గానీ 9.09 శాతం దాకా కలపనిస్తుంది, అంటే పదకొండో వంతు. కారమెల్ కూడా కలపొచ్చు. స్కాచ్‌లో నీళ్లు, రంగు కోసం కారమెల్ తప్ప ఇంకేదీ ఒప్పుకోరు. నా మటుకు నాకు స్కాచ్ పద్ధతే నచ్చుతుంది.

వనపర్తి–విండ్సర్:
నిజమే అన్నా, ఆ వెసులుబాటు ఉంది. కలిపినంత మాత్రాన చెడ్డది కాదు, కలపనంత మాత్రాన గొప్పదీ కాదు, నోట్లో పడ్డాక తేలాల్సిన విషయం అది.

పాలమూరు పిల్లగాడు:
ఎట్లా తాగాలో ఎవరూ చెప్పట్లేదు, నేను చెప్తా. విస్కీ రూం టెంపరేచర్‌లో తాగాలని రాసేవాళ్లు 20 డిగ్రీల గది మాట చెప్తారు. మన దగ్గర మే నెలలో గది అంటే ఎంతో నీకు తెలుసు, ఆ వేడికి స్పిరిట్ ఆవిరి ముందు లేచి ముక్కు మండిపోతుంది, మిగతా వాసన ఏదీ అందదు. కాబట్టి సీసాను ఒక పావుగంట ఫ్రిజ్‌లో పెట్టు, చల్లబడాలి గానీ జిల్లుమనకూడదు. మూతి కొంచెం ముడుచుకున్న గాజు గ్లాసులో 30 ఎంఎల్ పోసి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడు, ముక్కు లోపలికి దూర్చకు. మొదటి గుటక రా, అంటే ఏమీ కలపకుండా, చిన్నది, నాలుక మీద కాసేపు ఉంచి మింగు. తర్వాత చెంచాడు నీళ్లు. 30లో 10 ఎంఎల్ నీళ్లు పోస్తే 45 కాస్తా 34 శాతానికి దిగుతుంది, అంతకంటే పలచన చేయకు.

బోరు నీళ్లు మాత్రం పొయ్యొద్దు. నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి అటుంచినా ఆ ఉప్పదనం రుచి మొత్తం చెడగొడుతుంది, ఫిల్టర్ నీళ్లు వాడు. మిర్చి బజ్జీ, చికెన్ పకోడి తర్వాత పెట్టుకో, మొదట ఏ స్టఫ్ వద్దు, కావాలంటే నాలుగు వేయించిన పల్లీలు. పొద్దటి కల్లుకు, మాపటి కల్లుకు తేడా నాలుక మీద చెప్పే మనుషులం, ఇది మనకు రాని విద్యేమీ కాదు.

దేవరకొండ రోడ్డు, నల్లగొండ:
అందరికీ థాంక్స్ అన్నా. ఆదివారం చెప్పినట్టే చేశాం. రా తాగినప్పుడు ముందు వెనీలా, కాల్చిన చక్కెర వాసన, నోట్లో పడ్డాక దాల్చినచెక్క ఘాటు, చివర చెక్క వగరు కొంచెం నిలిచింది. నీళ్లు పోశాక ఘాటు వెనక్కి పోయి ఏదో పండు లాంటి తీపి పైకి వచ్చింది, నాకు ఆ రెండోదే బాగా నచ్చింది. స్కాచ్‌లో ఉండే పొగ వాసన లేదని ఒకతను పెదవి విరిచాడు, మిగతావాళ్లు థమ్సప్ సీసా మూత కూడా తియ్యలేదు. సగం మిగిలింది, ఎట్లా దాచాలి?

పాలమూరు పిల్లగాడు:
మూత గట్టిగా బిగించి, నిలబెట్టి, ఎండ తగలని బీరువాలో పెట్టు. సగానికి దిగిన సీసాలో గాలి ఎక్కువ, ఏడాది పొడుగునా ఉంచితే వాసన పలచబడుతుంది. దసరా లోపల ముగించండి, ఆ రోజు బండ్ల మీద మాత్రం పోకండి.