ప్రెస్ నోటులో ‘ఆధ్వర్యంలో’ అనాలా, ‘సౌజన్యంతో’ అనాలా?

అమలాపురం సభ్యుడు:
తెలుగు అక్షరదోషాలు పట్టే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వస్తోందండి. రాసింది ఎక్కువగా వాలంటీర్లు. సర్వర్ల ఖర్చు, ఇద్దరు డెవలపర్ల జీతం ఒక కంపెనీ పెట్టుకుంటోంది. వాళ్లు పంపిన ప్రెస్ నోటు “మా సంస్థ ఆధ్వర్యంలో రూపొందిన...” అని మొదలవుతోంది. కమ్యూనిటీ వాళ్లు ససేమిరా అంటున్నారు. ఇంగ్లీషు నోటులో ‘స్పాన్సర్డ్ బై’ అనే ఉంది, తెలుగులో ఇదే కదా అని కంపెనీ వాదన. ఏ మాట సరైనది?

రాజమహేంద్రవరం సభ్యుడు:
ఇదే కాదండి. ‘ఆధ్వర్యం’ అధ్వర్యువు నుంచి వచ్చిన మాట. యజ్ఞంలో వేదిక కొలిచి కట్టడం, పాత్రలు సర్దడం, హవిస్సు వేయడం, అంటే చేత్తో చేసే పనంతా ఈ యజుర్వేద ఋత్విక్కుది. ఖర్చు భరించి ఫలం పొందేవాడు యజమాని. కోనసీమ అగ్రహారాల్లో వేదం చదువుకున్నవారికి ఇది చెప్పనక్కర్లేదు. ఆ లెక్కన కోడ్ రాసి, ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) సరిచూసి, విడుదల చేసే కమ్యూనిటీదే ఆధ్వర్యం. కంపెనీది యజమాని పీట. అలాగని ‘యజమాని’ అని రాసేరు, ఇవాళ ఆ మాటకు సొంతదారనే అర్థం, ఇంకా పెద్ద గొడవ!

వ్యుత్పత్తి పక్కన పెట్టండి. మన జాతర ఫ్లెక్సీల మీద ‘ఉత్సవ కమిటీ ఆధ్వర్యంలో’ అని పైన, ‘అన్నసమారాధన ఫలానా వారి సౌజన్యంతో’ అని కింద ఉంటుంది. నిర్వహణ ఎవరిదో, డబ్బు ఎవరిదో ఎవరికీ అనుమానం రాదు.

కాకినాడ సభ్యురాలు:
మాస్టారూ, ‘సౌజన్యంతో’ కూడా ఇక్కడ పూర్తిగా అతకదు. పత్రికల్లో అది ఫొటో కిందో వ్యాసం కిందో వేసే మాట, ఒకసారి ఇచ్చి ఊరుకున్నట్టు ధ్వనిస్తుంది. జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టిన కంపెనీకి అది తక్కువే. ఇలాంటి నామపదం వెతకడం మాని క్రియ వాడండి: “సర్వర్ల ఖర్చు, ఇద్దరు డెవలపర్ల జీతం ఫలానా కంపెనీ భరిస్తోంది.” ఇద్దరికీ అభ్యంతరం ఉండదు.

కోడ్ హక్కులు, పేరు మీద ట్రేడ్‌మార్కు, డబ్బు మూడూ వేర్వేరు సంగతులు. ఫెడోరా అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కమ్యూనిటీ ప్రాజెక్టే, స్పాన్సరు రెడ్ హ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ, ట్రేడ్‌మార్కు కూడా రెడ్ హ్యాట్‌దే. భారతీయ భాషల లోహిత్ ఫాంట్ల కథ వేరు. వాటిని రెడ్ హ్యాటే 2004లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఇచ్చి, 2011లో ఓఎఫ్ఎల్ అనే ఫాంట్ల లైసెన్సుకు మార్చింది. అక్కడ ‘రెడ్ హ్యాట్ విడుదల చేసిన’ అంటే న్యాయమే.

ఒక్క నోటు మీద పెనుగులాడేకంటే కంపెనీదొకటి, కమ్యూనిటీదొకటి, రెండు నోట్లు ఇవ్వడం మేలు. వెర్షన్ నంబరు, లైసెన్సు పేరు, డౌన్‌లోడ్ లింకు, ఎవరు ఏం చేశారన్న వాక్యం, ఈ నాలుగూ ఉన్న పేరా మాత్రం రెండింట్లో అక్షరం తేడా లేకుండా ఉండాలి. నోటులో ఒకరు చెప్పినట్టు ఉటంకించిన మాటను రెండోవారు దిద్దకూడదు. కంపెనీ లీగల్ వాళ్ల దగ్గర కాగితం ఆగుతుంది కాబట్టి మూడు పనిదినాల ముందే పాఠం ఖరారు చేసి, తర్వాత తప్పుల దిద్దుబాటు తప్ప ఏదీ ముట్టుకోకండి.

చేదు వార్త ఉంటే మొదటి వాక్యంలోనే పెట్టండి. 2020 డిసెంబరు 8న సెంటోస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు ‘స్ట్రీమ్ వైపు దృష్టి మళ్లిస్తున్నాం’ అన్న శీర్షికతో ప్రకటన ఇచ్చింది. స్ట్రీమ్ అంటే దాని మరో రూపం. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8 మాత్రం 2021 చివరికే ఆగిపోతోందన్నదే అసలు వార్త. జనం శీర్షిక వదిలేసి ఆ తేదీనే పట్టుకున్నారు.

భీమవరం సభ్యుడు:
ఆయ్, పత్రిక డెస్కు వైపు నుంచి కొన్ని. ఫలానా సమయం దాకా వార్త వేయొద్దన్న షరతే ‘ఎంబార్గో’. దానికి ‘నిషేధం’ అని రాస్తే ఏదో కోర్టు ఉత్తర్వు అనుకుంటారు. “ఫలానా తేదీ సాయంత్రం 5:30 వరకు ప్రచురించవద్దు” చాలు. కంపెనీ వాళ్లు 12:00 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) అని పంపితే మన టైములోకి మార్చి రాయండి, అదే ఈ 5:30. ‘12 గంటలకు’ అని వదిలేస్తే పగలో రాత్రో తెలీక వెబ్ డెస్కు ముందే వేసేస్తుంది.

అసలు ఓపెన్ సోర్సులో ఎంబార్గో సగం మాటే. కోడ్ ఉంచే గిట్‌లో వెర్షన్ ట్యాగ్ (కొత్త వెర్షన్ గుర్తు) పడగానే లోకమంతా చూస్తుంది. ఫైళ్లు మిర్రర్లకు (డౌన్‌లోడ్ నకళ్లు ఉంచే సర్వర్లకు) ముందు చేర్చి, ట్యాగ్ చివర్లో వేసి, వెంటనే నోటు వదలాలి. వరస తప్పితే పాఠకుడు లింకు నొక్కినప్పుడు ఫైలు దొరకదు.

నోటు పీడీఎఫ్‌గా పంపకండి. కాపీ చేస్తే ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోతాయి. యూనికోడ్ పాఠం మెయిల్లోనే పెట్టండి. ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అని వదిలేస్తే జిల్లా పేజీలో ‘ఉచితం’ అయిపోతుంది. ‘ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు’ అని మీరే విప్పి రాయండి.

అమలాపురం సభ్యుడు:
ఇంకొక్కటండి. కంపెనీ ఇంగ్లీషు నోటులో ‘అవర్ కమ్యూనిటీ’ అని ఉంది.

రాజమహేంద్రవరం సభ్యుడు:
‘మా’ అంటే కంపెనీ సొత్తవుతుంది, ‘మన’ అంటే చదివేవాణ్నీ అందులో కలిపినట్టు. ఇంగ్లీషుకు ఈ ఇబ్బంది లేదు, మనకుంది. సర్వనామం తీసేసి ప్రాజెక్టు పేరుతో ‘ఫలానా కమ్యూనిటీ’ అనండి. వాళ్లు ‘మా’ కావాలని పట్టుబడితే ‘మేం తోడ్పడుతున్న కమ్యూనిటీ’ దాకా ఒప్పుకోవచ్చు.

అమలాపురం సభ్యుడు:
అలాగేనండి. “వాలంటీర్ల కమ్యూనిటీ ఆధ్వర్యంలో రూపొందిన తెలుగు అక్షరదోష పరీక్షిణి కొత్త వెర్షన్ విడుదలైంది. సర్వర్ల ఖర్చు, ఇద్దరు డెవలపర్ల జీతం ఫలానా కంపెనీ భరిస్తోంది.” ఇలా పంపుతున్నాను.

కాకినాడ సభ్యురాలు:
‘పరీక్షిణి’ వద్దండీ, ఎవరికీ అర్థం కాదు. ‘స్పెల్ చెకర్’ అనే ఉంచండి.