ఎలక్ట్రీషియన్ల సంఘం పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కరెంటుపని_తణుకు:
మా పట్టణంలో ఇళ్ల వైరింగు చేసేవాళ్లం ముప్పై మంది దాకా ఉన్నాం. వాట్సాప్ గ్రూపులో శుభోదయాలు తప్ప ఇంకేమీ లేవు. పోటీపడి రేట్లు తగ్గించుకుంటున్నాం. సంఘం పెడదామంటే అందరూ సరే అంటారు, సమావేశానికి నలుగురే వస్తారు. ముందు రిజిస్టర్ చేయిస్తే కదలిక వస్తుందా?

లెక్కలపద్దు:
చేయించడం కష్టమేమీ కాదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి ఉండాలి. తర్వాతే ఉంది అసలు పని. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. బోర్డు కట్టి ఇవి మరిచిన సంఘాలు వీధికొకటి కనిపిస్తాయి. సభ్యులకు అప్పులిచ్చే ఆలోచన ఉంటే మాత్రం 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చూడండి.

పొదుపక్క_కావలి:
తమ్ముడూ, కాగితం మనుషుల్ని రప్పించదు. మా నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకు రూపాయి పొదుపుతో మొదలైన సంఘాలు మావి. పంచసూత్రాలని ఉన్నాయి: సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు (పొదుపు సొమ్ములోంచి సభ్యులకే ఇచ్చేది), వాయిదా చెల్లింపు, లెక్కల పుస్తకాలు. అన్నీ క్రమం తప్పకూడదు. నన్నడిగితే పుస్తకాలే ప్రాణం. మేం కూర్చోగానే పోయినసారి తీర్మానాలు, డబ్బు లెక్క బిగ్గరగా చదువుతాం. అక్షరం ముక్క రాని పెద్దమ్మ కూడా "నా వంద ఏ పద్దులో రాశారు?" అని నిలదీస్తుంది. రానివాళ్లకు జరిమానా. తేదీ ఎవరి కోసమూ మార్చం.

మెగ్గర్_వరంగల్:
మాదీ మీ వృత్తే. మమ్మల్ని కలిపింది ఎర్త్ టెస్టరు, అదే ఎర్తింగు సరిగా ఉందో లేదో కొలిచే పరికరం! ఒక్కడే కొనుక్కుంటే గిట్టదు, లేకపోతే పెద్ద పనులు చేజారతాయి. చందా వేసుకుని కొన్నాం. తీసుకెళ్లేవాడు నోటుపుస్తకంలో పేరు, తేదీ రాసి, వైర్లన్నీ ఉన్నాయని చూసుకుని సంతకం పెట్టాలి. దాని కోసం వచ్చినవాళ్లు కబుర్లలో పడేవారు. ఏ బిల్డరు డబ్బు ఎగ్గొడతాడో అక్కడే తెలిసేది. రేట్ల మాట మాత్రం మొదటి సమావేశంలో ఎత్తకండి. మా దగ్గర ఆ రోజే సగం మంది లేచి వెళ్లిపోయారు.

లెక్కలపద్దు:
పరికరం ఒకరింట్లోనే ఉంటే అది ఆయనదైపోతుంది. ఏదైనా షాపులో పెట్టండి.

కరెంటుపని_తణుకు:
అమావాస్య నాడు మేస్త్రీలు పనిలోకి రారు, మాకూ ఖాళీయే. ప్రతి అమావాస్య సాయంత్రం పెడతాం, రిజిస్ట్రేషన్ తర్వాత చూస్తాం. మెగ్గర్ అన్నా, టెస్టరు పాతది దొరికితే తీసుకోవచ్చా?

మెగ్గర్_వరంగల్:
కొత్తదే కొనండి. పాతది తప్పు రీడింగు చూపిస్తే సంఘం మొదటి నెలలోనే తన్నుకుంటుంది.