క్రిస్మస్ సెలవుల్లో అమ్మానాన్నలతో పాలో ఆల్టో స్టాన్‌ఫర్డ్ థియేటర్: టికెట్లు, సీట్లు, భాష సంగతి?

మిల్పిటాస్_గుంటూరు:
డిసెంబర్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు. ఇద్దరికీ నలుపు తెలుపు సినిమాలంటే ప్రాణం. పాలో ఆల్టోలో స్టాన్‌ఫర్డ్ థియేటర్ అనే పాత హాల్లో క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఏటా 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' వేస్తారట. అక్కడికి తీసుకెళ్దామని ఉంది. నాలుగు సందేహాలు. టికెట్ ఎలా దొరుకుతుంది? ఎక్కడ కూర్చుంటే మంచిది (నాన్నగారికి మోకాళ్ల నొప్పి, మెట్లు కష్టం)? ఇంగ్లిష్ చదవగలరు గానీ వేగంగా మాట్లాడితే అందుకోలేరు, సబ్‌టైటిల్స్ ఉంటాయా? ఇంటర్వెల్ ఇస్తారా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రీలుపెట్టె:
ముందు టికెట్ సంగతి చెప్తాను, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. ఈ హాలుకి ఆన్‌లైన్ బుకింగ్ అలవాటు లేదు. మామూలు రోజుల్లో ఆటకి అరగంట ముందు వెళ్లి కౌంటర్లో కొనుక్కుంటే చాలు, మల్టీప్లెక్స్ ధరలో సగం కూడా ఉండదు. డిసెంబర్ 24 ఆట మాత్రం వేరు. దానికి కొన్ని రోజుల ముందే కౌంటర్ దగ్గర టికెట్లు అమ్ముతారు, త్వరగా అయిపోతాయి. అమ్మకం ఏ రోజు మొదలవుతుందో థియేటర్ వాళ్ల క్యాలెండర్లో చూసుకుని, మీరొక్కరే ముందు వెళ్లి కొనేయండి. పెద్దవాళ్లను క్యూలో నిలబెట్టొద్దు. జేబులో నగదు పెట్టుకోండి. ఆ రోజు సాయంత్రం వెళ్లి దొరుకుతుందేమో చూద్దాం అనుకుంటే వెనక్కి రావాల్సిందే.

హాలు గురించి రెండు మాటలు. 1925 జూన్‌లో తెరిచారు. సుమారు 1,175 సీట్లు, ఒకే తెర. 1987లో ప్యాకార్డ్ ఫౌండేషన్ కొని, గోడల మీద బొమ్మలు, సీలింగ్, తెరచీరలు అన్నిటినీ పాత రూపానికి తెచ్చి 1989లో మళ్లీ తెరిచింది. అప్పట్నుంచీ ఎక్కువగా 1920ల నుంచి 1960ల వరకు వచ్చిన హాలీవుడ్ సినిమాలే, అదీ వీలైనంతవరకు 35 ఎంఎం ఫిల్మ్ మీదే వేస్తున్నారు. నైట్రేట్ ఫిల్మ్‌ని కూడా భద్రంగా ఆడించగల అతి కొద్ది హాళ్లలో ఇదొకటి. 1950ల మొదట్లో తయారీ ఆగిపోయిన ఫిల్మ్ అది. ఒకసారి అంటుకుంటే గాలి అందకపోయినా మండుతూనే ఉంటుంది కాబట్టి ప్రొజెక్షన్ గదికి ప్రత్యేకమైన కట్టుదిట్టాలు కావాలి. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటు ఈ రోజు ఒక్కటి కూడా లేదని గుర్తొస్తే, ఇలా ఫిల్మ్‌ని కాపాడి ఆడించే చోటు విలువ ఏమిటో అర్థమవుతుంది.

పార్కింగ్: యూనివర్సిటీ అవెన్యూ మీద వెతక్కండి. వెనక వీధుల్లో సిటీ గ్యారేజీలు ఉన్నాయి, సాయంత్రం 5 తర్వాత డబ్బు కట్టక్కర్లేదు. కాల్‌ట్రెయిన్ పాలో ఆల్టో స్టేషన్ నుంచి అయితే అదే రోడ్డు మీద ఐదు నిమిషాల నడక. పండగ రోజు రైళ్ల వేళలు మారుతుంటాయి, తిరుగు రైలు చూసుకునే బయల్దేరండి.

బాల్కనీ_ముందువరస:
సీటు సంగతి నేను చెప్తాను. మోకాళ్ల నొప్పి లేకపోతే బాల్కనీ మొదటి వరస మధ్యలో అనేదాన్ని. తెర కళ్లకు ఎదురుగా ఉంటుంది, ముందు ఎవరి తలా అడ్డురాదు, హాలు మొత్తం కనిపిస్తుంది. కానీ ఇలాంటి పాత హాళ్లలో బాల్కనీకి చాలాచోట్ల మెట్లే దారి. మీ నాన్నగారికి కిందే మంచిది. కింద హాలు పొడవులో మూడో వంతు దాటాక, సగానికి లోపు, నడవ పక్క సీటు పట్టుకోండి. కాలు చాపుకోవచ్చు, మధ్యలో లేవాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు.

బాల్కనీ కిందికి వచ్చే వెనక వరసలు మాత్రం వద్దు. 1946 నాటి సినిమాకి ధ్వని అంతా తెర వెనకనుంచే వస్తుంది, మన చుట్టూ స్పీకర్లు ఉండవు. నెత్తిన బాల్కనీ పైకప్పు అడ్డుపడి మాటలు మందంగా వినిపిస్తాయి. అసలే వేగంగా మాట్లాడితే అందదంటున్నారు కాబట్టి ఇది ముఖ్యం. మొదటి నాలుగైదు వరసలూ వద్దు, మెడ పట్టేస్తుంది.

బొమ్మ తెర మొత్తం నిండలేదని కంగారు పడొద్దని ముందే చెప్పండి. ఆ కాలం సినిమా కొలత 1.37:1, అంటే దాదాపు నలుచదరం. రెండు పక్కలా నల్లగుడ్డ లోపలికి జరిపి ఆ కొలతకి సరిపెడతారు. మన పాత తెలుగు సినిమాల కొలతా ఇదే, వాళ్లకు చూసిన రూపంలాగే ఉంటుంది.

మిల్పిటాస్_గుంటూరు:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఇంటర్వెల్, సబ్‌టైటిల్స్ గురించి కూడా ఎవరైనా చెప్తారా? నాన్నగారికి షుగర్ ఉంది, వేళకి ఏదో ఒకటి తినాలి.

కథ_ముందే_చెప్పండి:
ఇంటర్వెల్ ఉండదు. సినిమా 130 నిమిషాలు, ఏకబిగిన నడుస్తుంది. ఒకే టికెట్ మీద రెండు సినిమాలు వేసే రోజుల్లో అయితే రెంటికీ మధ్య విరామం ఉంటుంది గానీ ఒక్క సినిమా మధ్యలో ఆపరు. అందుకని రాత్రి భోజనం ముందే పెట్టి తీసుకెళ్లండి. లోపల పాప్‌కార్న్, చాక్లెట్, కూల్‌డ్రింకులు దొరుకుతాయి. షుగర్ ఉన్నవాళ్లకి అవసరమయ్యే చిన్న పొట్లం ఉంటే లోపలికి వెళ్లేటప్పుడు మాట చెప్పి ఉంచుకోండి. బయట డిసెంబర్ రాత్రి చలి మన ఊళ్లవాళ్లకి బాగా తెలుస్తుంది. ఎత్తైన పాత హాలు, వెచ్చదనం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అమ్మగారికి శాలువా, ఇద్దరికీ సాక్సులు మర్చిపోవద్దు.

సబ్‌టైటిల్స్: 35 ఎంఎం ప్రింటులో ఇంగ్లిష్ సినిమాకి ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు. దీనికి మందు ఒకటే, ముందు ఇంట్లో ఒకసారి సబ్‌టైటిల్స్‌తో చూపించడం. అక్కడా ఒక జాగ్రత్త ఉంది. స్ట్రీమింగ్‌లో రంగులు పులిమిన వెర్షన్ ఒకటి, బాగా కత్తిరించేసిన వెర్షన్ ఒకటి తిరుగుతున్నాయి. కత్తిరించిన దాంట్లో హీరో అసలు పుట్టకపోతే ఊరు ఎలా ఉండేదో చూపించే ఘట్టమే ఎగిరిపోయింది, అది లేకపోతే కథకి ప్రాణం లేదు. నిడివి 130 నిమిషాలు ఉందా, నలుపు తెలుపులో ఉందా చూసుకునే పెట్టండి.

అంత ఓపిక లేకపోతే కథ తెలుగులో చెప్పేయండి. ముఖ్యంగా రెండు విషయాలు. ఒకటి, హీరో జార్జ్ బెయిలీ నడిపే 'బిల్డింగ్ అండ్ లోన్' అంటే బ్యాంకు కాదు. మన దగ్గర సహకార గృహనిర్మాణ సంఘం ఎలాగో అలాంటిది. నలుగురి పొదుపూ కలిపి, అందులోంచి ఇళ్లు కట్టుకోవడానికి అప్పులిస్తుంది. జనం ఎగబడి డబ్బు వెనక్కి అడిగే సీనులో అతను, మీ డబ్బు ఇక్కడ పెట్టెలో లేదు, ఫలానా వాళ్ల ఇంట్లో ఉంది అంటాడు. ఈ సంగతి తెలియకపోతే ఆ సీను చప్పగా వెళ్లిపోతుంది, తెలిస్తే మనవాళ్లకి బాగా తగులుతుంది. రెండోది, బాబాయి బిల్లీ పోగొట్టేది 8,000 డాలర్లు. 1945లో దానికి ఒక ఇల్లొచ్చేది. జార్జ్ అంత కుంగిపోవడానికి కారణం ఆ లెక్క తెలిస్తేనే అర్థమవుతుంది.

మొదటి గంట నెమ్మదిగా నడుస్తుంది, మాటలెక్కువ. ఓపిక పట్టమని చెప్పండి. చివరి అరగంటకి భాషతో పనిలేదు.

మంచు గురించి మీ అమ్మగారు తప్పకుండా అడుగుతారు. అది 1946 ఎండాకాలంలో తీసిన సినిమా. అంతకుముందు కార్న్‌ఫ్లేక్స్‌కి తెల్లరంగు వేసి మంచులా చల్లేవారు. కాలు వేస్తే కరకరమని చప్పుడు, మాటలు తర్వాత మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చేది. ఈ సినిమాకి మంటలార్పే నురుగు పదార్థం, సబ్బు, నీళ్లు కలిపి గాలి విసిరే యంత్రంతో చిమ్మారు. చప్పుడు లేదు కాబట్టి మంచులో మాటలు అక్కడికక్కడే రికార్డయ్యాయి. ఆ పనికి అకాడమీ సాంకేతిక అవార్డు కూడా వచ్చింది.

ఆర్గన్_వినండి:
అందరూ సినిమా గురించే చెప్పారు, ఆర్గన్ మర్చిపోయారు! స్టాన్‌ఫర్డ్‌లో మైటీ వర్లిట్జర్ ఆర్గన్ ఉంది, అంటే గొట్టాల్లోకి గాలి వెళ్లి మోగే పెద్ద వాద్యం. ఆట మొదలయ్యే ముందు దాన్ని వాయిస్తారు. మీరు సరిగ్గా ఆట వేళకి వెళ్తే సగం పండగ పోయినట్టే. కనీసం 40 నిమిషాల ముందు లోపల ఉండండి.

వాయించేవాళ్ల ముందు గుర్రపునాడా ఆకారంలో, అంచు పొడవునా రంగురంగుల మీటలున్న బల్ల ఉంటుంది. కానీ ధ్వని పుట్టేది అక్కడ కాదు. తెర దగ్గర గోడల్లో గదులుంటాయి, వాటి నిండా చిటికెన వేలంత గొట్టం నుంచి మనిషిని మించిన గొట్టం దాకా. మోటారు బ్లోయర్ గాలి నింపుతుంది, మీట నొక్కితే ఆ వరస గొట్టాల్లోకి గాలి వెళ్తుంది. డ్రమ్ము, గంటలు, జైలోఫోన్ కూడా నిజమైనవే, వాటినీ గాలే వాయిస్తుంది. గది ముందు చెక్క పలకలు మన కిటికీ రెక్కల్లా తెరుచుకుని మూసుకుంటాయి. కాలి కింది పెడల్‌తో వాటిని కదిలిస్తేనే ధ్వని పెరుగుతుంది, తగ్గుతుంది. నాన్నగారికి ఇది ముందే చెప్పి గోడల జాలీల వైపు చూడమనండి. మరీ ముందు, ఒక పక్కకి కూర్చుంటే ఆ పక్క గొట్టాలే మోగుతాయి, మధ్యలో ఉంటే రెండు వైపులా కలిసి వస్తుంది.

భాష నిజంగా ఇబ్బందే అయితే ఇంకో ఆలోచన. ఆర్గన్‌తో మూకీ సినిమా ఎప్పుడు వేస్తారో క్యాలెండర్లో చూడండి. అక్షరాల కార్డులు చదువుకుంటే చాలు. ఈ హాలు తెరిచిన 1925లోనే వచ్చిన చాప్లిన్ 'ది గోల్డ్ రష్' పడిందంటే వదలొద్దు. కొత్త సంవత్సరం రాత్రి సీను అందులోనే ఉంది, మంచుకి మంచూ ఉంది.

రీలుపెట్టె:
ఇంకొకటి రాయడం మర్చిపోయాను, ఇది పాత హాళ్ల గురించి తెలిసిన పెద్దవాళ్లకి భలే నచ్చుతుంది. నిండు రీలు 2,000 అడుగులు, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, అంటే సుమారు 22 నిమిషాలు. కాబట్టి ఈ సినిమాకి కనీసం ఆరు రీళ్లు. ప్రొజెక్టర్లు రెండు, ఒకటి అయిపోతుంటే రెండోది అందుకోవాలి. రీలు అయిపోవడానికి దాదాపు 8 సెకన్ల ముందు తెర కుడి పై మూలలో చిన్న గుండ్రని చుక్క మెరుస్తుంది, నాలుగే ఫ్రేములు, సెకనులో ఆరో వంతు. దాన్ని చూసి ఆపరేటర్ రెండో ప్రొజెక్టర్ మోటారు వేస్తారు. ఏడు సెకన్ల తర్వాత ఇంకో చుక్క, అప్పుడు మొదటిది మూసి రెండోది తెరుస్తారు. ఆలస్యమైతే తెర ఒక్క క్షణం తెల్లబోతుంది, తొందరపడితే ఒక మాట మింగేస్తుంది. సరిగ్గా జరిగితే చుక్క తప్ప ఇంకేమీ కనబడదు. అన్ని రీళ్లూ అతికించి ఒకటే పెద్ద పళ్లెంలో వేసే పద్ధతికి ప్రింటును కత్తిరించాలి. ఆర్కైవులు, అంటే పాత ప్రింట్లు భద్రపరిచే సంస్థలు, అందుకు ఒప్పుకోవు, అందుకే ఇక్కడ ఇంకా రెండు ప్రొజెక్టర్లు. మొదటి 20 నిమిషాలు దాటుతుండగా నాన్నగారిని ఆ మూలకేసి చూడమనండి.

నేపర్‌విల్_నుంచి:
చికాగో వైపు ఉన్నవాళ్ల కోసం ఒక మాట. సౌత్‌పోర్ట్ అవెన్యూలో మ్యూజిక్ బాక్స్ థియేటర్ ఉంది, 1929 నాటిది, బ్రౌన్ లైన్ సౌత్‌పోర్ట్ స్టేషన్‌కి దగ్గర. సీలింగ్ రాత్రి ఆకాశంలా ఉంటుంది, నక్షత్రాలు మిణుకుమంటాయి, మబ్బులు కదులుతాయి. 1983 నుంచీ డిసెంబర్‌లో 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్', 'వైట్ క్రిస్మస్' (1954) రెండూ వేస్తూ, క్రిస్మస్ పాటలు అందరిచేతా పాడిస్తున్నారు. ఇక్కడ టికెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కానీ మంచి రోజులు చాలా ముందే నిండిపోతాయి.

ఇది స్టాన్‌ఫర్డ్‌లా నిశ్శబ్దంగా చూసే ఆట కాదు. విలన్ పాటర్ కనబడితే హాలంతా బుస కొడుతుంది, జనం ఇంటినుంచి గంటలు తెచ్చి ఊపుతారు. సంభాషణ ప్రతి ముక్కా వినాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు. పిల్లలున్న ఇంటికి, మొదటి రోజు విడుదల హడావిడి ఇష్టపడేవాళ్లకి మాత్రం పండగే. అమ్మానాన్నలకి రెండూ కలిపి నాలుగు గంటలు దాటుతుంది కాబట్టి ఒకే సినిమాకి టికెట్ తీసుకోండి, 'వైట్ క్రిస్మస్' అయితే పాటలు, డాన్సులు ఎక్కువ, ఇంగ్లిష్ తక్కువైనా సాగిపోతుంది.

మిల్పిటాస్_గుంటూరు:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఒక్క చివరి సందేహం. 24న టికెట్ దొరక్కపోతే?

బాల్కనీ_ముందువరస:
దొరక్కపోతే ఆ వారంలో మిగిలిన రోజుల్లో ఏం వేస్తున్నారో చూడండి, మామూలు ఆటలకి తొక్కిసలాట ఉండదు, నడవ పక్క సీటు ఖాయంగా దొరుకుతుంది. 'ది షాప్ అరౌండ్ ది కార్నర్' (1940) ఉంటే అదే తీసుకోండి. 99 నిమిషాలే, కథంతా బుడాపెస్ట్‌లో ఒక కొట్టు చుట్టూ తిరుగుతుంది, ముగిసేది క్రిస్మస్ ముందు రాత్రే. ఓక్లాండ్‌లో పారామౌంట్ కూడా గుర్తుంచుకోండి. 1931 డిసెంబర్ 16న తెరిచిన ఆర్ట్ డెకో హాలు, లాబీ ఎత్తే 58 అడుగులు, 19వ వీధి బార్ట్ స్టేషన్ పక్కనే. అక్కడ పాత సినిమాలు అప్పుడప్పుడు మాత్రమే పడతాయి, డిసెంబర్‌లో ఏదైనా ఉందేమో ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఏ హాలుకైనా వారం ముందు ఫోన్ చేసి, మెట్లు ఎక్కకుండా టాయిలెట్‌కి దారి ఉందా అని అడగండి. నాన్నగారి సీటు ఎటువైపో ఆ జవాబుని బట్టే తేల్చుకోండి.