సిక్కా ఎవరిది?

ప్రశ్న: తెలంగాణ పాత దస్తావేజుల్లో 'హాలి సిక్కా రూపాయలు' అని కనిపిస్తుంది. సిక్కా అంటేనే నాణెం కదా, మళ్ళీ రూపాయలెందుకు?

జవాబు: అరబ్బీలో సిక్కా అంటే నాణెం మీద ముద్ర కొట్టే అచ్చు. తర్వాత ఆ ముద్రకూ, ముద్ర పడ్డ నాణేనికీ, చివరికి ముద్ర వేయించే హక్కుకూ అదే మాట అయింది. హాలి అంటే ఇప్పుడు నడుస్తున్నది. నిజాం ముద్రతో చెలామణీలో ఉన్న రూపాయి అన్నమాట. బ్రిటిషు వాళ్ళది కల్దారు. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీలు వచ్చేవి.

ఖుత్బా, సిక్కా అని జంటగా చెప్పేవారు. మసీదులో శుక్రవారం చేసే ప్రసంగంలో (అదే ఖుత్బా), నాణెం మీద ఎవరి పేరుంటే ఆయనే ఏలిక.

ఇంకొకరు: అయితే స్వతంత్రించాలనుకున్నవాడు ముస్లిం లోకానికి పెద్ద అయిన ఖలీఫా పేరు తీసేస్తే సరిపోయేదా?

జవాబు: ఈశాన్య ఇరాన్ వైపున్న ఖురాసాన్‌లో ఖలీఫా తరఫున ఏలుతున్న తాహిర్ అదే చేశాడు. 822లో ఖుత్బాలో ఖలీఫా మామూన్ పేరు వదిలేశాడు, ఆ రాత్రే చనిపోయాడని చరిత్రకారులు రాశారు. (ఎలా పోయాడన్నది మీ ఊహకే!) తెలివైనవాళ్ళు పేరు తీసేవారు కాదండీ. బుఖారా నుంచి మధ్య ఆసియాను ఏలిన సామానీ వంశం వాళ్ళను చూడండి. సమర్కందులో, నేటి తాష్కెంటు అయిన షాష్‌లో కొట్టించిన వెండి దిర్హాముల మీద ఖలీఫా పేరు, దాని కింద తమ అమీరు పేరు. పన్నులు మాత్రం ఖలీఫా ఉండే బాగ్దాదుకు పంపలేదు.

అసలు తమాషా 991లో జరిగింది. బాగ్దాదును గుప్పిట్లో పెట్టుకున్న బువైహీ వంశపు అమీరు బహాఉద్దౌలా, ఖలీఫా అత్తాయిని దించి అల్‌ఖాదిర్‌ని గద్దెనెక్కించాడు. సామానీలు ఒప్పుకోలేదు. దిగిపోయిన అత్తాయి పేరే తమ వెండి మీద కొట్టిస్తూ పోయారు. ఖలీఫాకు విధేయులమే, కానీ ఆ ఖలీఫా ఎవరో బువైహీలు మాకు చెప్పక్కర్లేదు అన్నట్టు. 999లో ఖురాసాన్ గజనీ మహమ్మద్ చేతికొచ్చాకే అక్కడ అల్‌ఖాదిర్ పేరెక్కింది. నా లెక్కలో తాహిర్ తెగింపు కంటే ఈ మొండి విధేయతే గట్టి స్వాతంత్ర్య ప్రకటన.

మొదటి ప్రశ్న అడిగినవారు: మరి మన నిజాములు?

జవాబు: సామానీల దారే. ఢిల్లీ పాదుషా బ్రిటిషు వాళ్ళిచ్చే పెన్షను మీద బతుకుతున్నా హైదరాబాదు రూపాయి మీద ఆయన పేరే ఉండేది. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ గద్దే పోయింది. అప్పుడు గానీ నిజాముల బిరుదైన 'ఆసఫ్ జా' పేరు ముద్రలోకి రాలేదు. ఆ నాణేల మీద కనిపించే 92 అంకె సంవత్సరం కాదు, అరబ్బీ అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' పేరు. నాలుగు అక్షరాలూ కూడి చూడండి, 40, 8, 40, 4.