కట్ట కారడానికి మాటేది? బుంగా, ఊటా, జాలా?

పెన్నా తీరం: పోరుమామిళ్ల శాసనం (1369) చెప్పే ఆరు చెరువు దోషాల్లో కట్ట నుంచి నీరు కారడం ఒకటి కదా. దానికి పాతవాళ్లు ఓ తెలుగు మాట వాడేవాళ్లు, నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. డ్యాం అత్యవసర ప్రణాళికలో లస్కర్లకు (చెరువు, కాలువల కాపలా సిబ్బంది) ఇచ్చే కార్డు కోసం.

మత్తడి: జాలు. ఇంకేముంది?

గోదారి గట్టు: జాలు పట్టేది పొలానికండీ, కట్టకు కాదు. ఊటేమో బావికి శుభం, అది చదివి లస్కరు కంగారుపడడు. పేపర్లన్నీ రాసే మాట బుంగ.

పెన్నా తీరం: బుంగ అంటే అప్పటికే కన్నం పడిందని. తేటనీరు కారితే V ఆకారపు గంటున్న కొలత పలక, వీ-నాచ్‌లో కొలిచి రిజిస్టరులో ఎక్కించి కనిపెట్టుకుని ఉండాలి. నీళ్లు బురదగా మారాయంటే కట్టలో మట్టి కోసుకుపోతున్నట్టే, వెంటనే ఏఈకీ (అసిస్టెంట్ ఇంజనీరు) తహసీల్దారుకీ ఫోన్. రెంటికీ ఒకే మాట ఎలా?

మత్తడి: బురద జాలు అనండి. బంకమట్టి కుక్కితే ఆగదా?

కరణంగారి మనవడు: దిగువన కుక్కకూడదు. లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట తన్నుకొస్తుంది. కారేచోట ముందు ఇసుక, దానిమీద చిన్న కంకర, ఆపైన రాళ్లు. మట్టి ఆగాలి, నీరు పోవాలి. చుట్టూ ఇసుకబస్తాల రింగు. గేట్లెత్తి మట్టం దించడం సరే, దిగువ ఊళ్లకు చెప్పాకే.
అసలు కార్డుకన్నా దండోరా ముఖ్యం. "అలుగు పారుతోంది" అన్నారో, జనం పిల్లాజెల్లాతో చూడ్డానికొస్తారు! అలుగంటే మిగులు నీరు పోవడానికి కట్టిన దారి; నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లితే అది అలుగెలా అవుతుంది? 2021 నవంబరు 19న ఎగువన తెగిన పింఛ ప్రాజెక్టు నీళ్లు కూడా తోడై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. అంత తొందరలో దండోరాకు మూడు ముక్కలు చాలు: కట్ట తెగుతోంది, ఫలానా ఊళ్లు, ఫలానా మెరకకు ఎక్కండి.

మత్తడి: అలుగు అంటే మా ఊళ్లో సగంమందికి తెలీదన్నా, మత్తడి దుంకిందంటేనే.

పెన్నా తీరం: మా సీమలో మరవ పారుతుంది.

గోదారి గట్టు: మరవ కన్నడం నుంచి వచ్చిందేమో?

పెన్నా తీరం: ఏం, మా మాటలన్నీ అక్కణ్ణుంచే రావాలా? ముందు నా జాలు సంగతి తేల్చండి.

మత్తడి: చూశారా, జాలు అని మీరే అనేశారు.

గోదారి గట్టు: నేనైతే ఒప్పుకోను. బుంగే.